ప్రధాని మీద కంప్లైంట్ కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో మనకి చెప్పాలా వద్దా?

గోదారిగట్టు:
కేంద్రంలో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల మీద అవినీతి కంప్లైంట్లు విచారించే సంస్థ లోక్‌పాల్ కదా, ఆ లోక్‌పాల్ చట్టం సెక్షన్ 14 నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివానండి. ప్రధాని దాని పరిధిలోకి వస్తారు, నిజమే, కానీ విదేశీ సంబంధాలు, దేశ భద్రత, శాంతిభద్రతలు, అణుశక్తి, అంతరిక్షం, వీటికి సంబంధించిన ఆరోపణైతే ముట్టుకోకూడదు. మిగతా వాటిల్లో కూడా ఎంక్వైరీ మొదలవ్వాలంటే చైర్‌పర్సన్, మెంబర్లు అంతా కూర్చుని మూడింట రెండొంతుల మంది సరే అనాలి, అది కూడా తలుపులేసుకునే జరగాలి. ఇక్కడిదాకా ఎలాగోలా ఒప్పుకుంటా గానీ, కంప్లైంట్ కొట్టేస్తే ఆ రికార్డులు ఎవ్వరికీ ఇవ్వకూడదంట! ఇదెందుకండీ?

ఓరుగల్లుబిడ్డ:
అన్నా, ప్రధాని అంటే మామూలు కుర్చీ కాదు. దినానికొకడు పిటిషనేస్తడు, టీవీల స్క్రోలింగ్ నడుస్తది, తర్వాత కొట్టేసినా మచ్చ పోదు. కర్ణాటక చూడు, 2011ల లోకాయుక్త, అంటే రాష్ట్రంల లోక్‌పాల్ అసొంటి పదవిల ఉన్న సంతోష్ హెగ్డే మైనింగ్ అక్రమాల మీద రిపోర్ట్ ఇచ్చిండు, అదే నెలాఖరుకు యడ్యూరప్ప సీఎం పదవికి రాజీనామా చేసిండు. ఆ మైనింగ్ కంపెనీ ముడుపుల కేసుల 2016ల సీబీఐ కోర్టు నిర్దోషి అన్నది. పోయిన కుర్చీ ఎవరిస్తరు?

బెజవాడ_రైలుకట్ట:
ముందు కాపలావాణ్ణి పెట్టడానికే ఎన్నేళ్లు పట్టిందో చూడండి. చట్టం 2014 జనవరిలో అమల్లోకొస్తే మొదటి లోక్‌పాల్ వచ్చింది 2019 మార్చిలో. ప్రతిపక్ష నేత హోదా ఎవరికీ లేదు కాబట్టి సెలక్షన్ కమిటీ కుదరట్లేదన్నారు, అది అడ్డం కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పాక కూడా రెండేళ్లు. ఆ కమిటీకి అధ్యక్షుడు ప్రధానే!

గోదారిగట్టు:
ఓరుగల్లు తమ్ముడూ, నువ్వు చెప్పిందాంట్లోనే నా జవాబుంది. కోర్టు నిర్దోషి అన్నప్పుడు ఎందుకో కారణాలతో సహా రాస్తుంది, ఇష్టమున్నవాళ్లు చదువుకోవచ్చు, మచ్చ పోయేది దానివల్లే కదా. తలుపులేసుకుని కొట్టేసి బీరువాలో పెడితే, ఆ ప్రధాని నిజంగా మంచోడైనా సరే జనం అనుమానం అనుమానంగానే ఉంటుంది. ఊరికే బురద చల్లేవాళ్లకి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా అదే చట్టంలో ఉంది.

మా నాన్న ఒకసారి ఊళ్లో రోడ్డు బిల్లుల మీద లోకాయుక్తకి రాశారు. కొట్టేశారు. కానీ రెండు పేజీల ఆర్డర్ ఇంటికొచ్చింది, ఎన్ని మీటర్లు వేశారు, ఎంత బిల్లయింది, కొలతలు ఎవరు తీశారు అన్నీ అందులో ఉన్నాయి. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని అరుగు మీద రెండుసార్లు చదివి, "సరే, లెక్క సరిపోయింది, నేనే పొరబడ్డా" అన్నారు, మళ్లీ ఆ మాటెత్తలేదు. ఆ రెండు పేజీలే నేనడిగేది. సాక్షుల పేర్లు, భద్రత విషయాలు తీసేసి మిగతాది పెడితే నీకు ఓకేనా?

ఓరుగల్లుబిడ్డ:
పేర్లు తీసేసి, అంతా అయిపోయినంక పెడితే నాకేం అభ్యంతరం లేదన్నా. ఎంక్వైరీ నడుస్తుండంగ మాత్రం ఒక్క కాగితం బయటికి రావద్దు, ఆడ మాత్రం నేను తగ్గ.