తుపాను వేళ విశాఖ నుంచి పాడేరు, అరకు దాకా: వెంట తీసుకెళ్లగల హామ్ రేడియో స్టేషన్ ఎలా ఉండాలి?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి)

నమస్కారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడ తీరం దాటినప్పుడు కరెంటు, మొబైల్ సిగ్నల్ రెండూ కలిసి పోయాయి. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే అక్కరకు రావాలన్న ఉద్దేశంతో మేము కొందరం కలిసి ఒక చిన్న హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో) స్టేషన్ సిద్ధం చేసుకోవాలనుకుంటున్నాము. మాలో కొందరికి జనరల్ గ్రేడ్ లైసెన్సు ఉంది. నగరంలోని సహాయ శిబిరాల మధ్యనే కాక పాడేరు, అరకు వైపు కూడా మాట్లాడగలగాలి. చేతిలో ఇమిడే 5 వాట్ల వి.హెచ్.ఎఫ్. (దగ్గరి దూరాలకు వాడే ఎక్కువ ఫ్రీక్వెన్సీ) సెట్లు ఎక్కువ కొనడం మంచిదా, లేక ఆ డబ్బుతో ఒక హెచ్.ఎఫ్. (దూరాలకు వాడే తక్కువ ఫ్రీక్వెన్సీ) సెట్ తీసుకోవడం మేలా? బ్యాటరీ ఎంత సామర్థ్యం కలది కావాలి?

జవాబు 1 (సింహాచలం నుంచి)

మీకు రెండూ కావాలి, ఎందుకంటే అవి చేసే పనులు వేరు. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చేతి సెట్టు, ఎదురుగా అడ్డు లేనంత మేరకే బాగా వినిపిస్తుంది. శిబిరానికీ శిబిరానికీ మధ్య అది చాలు. అయితే సింహాచలం కొండ వంటిది ఒకటి మధ్యలో ఉంటేనే మాట తెగిపోయే ఆ సెట్టుతో, తూర్పు కనుమలు దాటి అరకులో ఉన్నవారిని అందుకోవాలనుకోవడం వృథా ప్రయాస. కొండమీది రిపీటరు (అందిన మాటను తిరిగి ప్రసారం చేసే స్టేషన్) సాయపడవచ్చు గాని, పెనుగాలికి దాని స్తంభమే పడిపోతే మీ ఏర్పాటంతా దానితోపాటే పోతుంది.

ఏజెన్సీ కోసం హెచ్.ఎఫ్. సెట్టులో 7 మెగాహెర్ట్జ్, అంటే తరంగం పొడవు సుమారు 40 మీటర్లుండే బ్యాండు వాడండి. సుమారు 20 మీటర్ల తీగను మధ్యకు తెంచి, డైపోల్‌గా (రెండు సమాన భాగాల ఏరియల్‌గా), నేలకు 3 నుంచి 5 మీటర్ల ఎత్తులోనే కట్టండి. ఎత్తు తక్కువైందని చింతించవలసిన పని లేదు, ఇక్కడ కావలసింది అదే. తరంగం దాదాపు నిటారుగా పైకి వెళ్లి, పైనున్న అయనావరణం (విద్యుదావేశం గల వాతావరణ పొర) నుంచి తిరిగివచ్చి, పైకి చిమ్మిన నీళ్లు చుట్టూ చినుకులై పడినట్టు రెండు మూడు వందల కిలోమీటర్ల మేర పరచుకుంటుంది, కనుక మధ్యలో ఎన్ని కొండలున్నా అడ్డు కావు. రాత్రివేళ ఈ బ్యాండులో దూరపు స్టేషన్లు వినిపిస్తూ దగ్గరివి మాయమవుతాయి. అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగాలి, దానికి రెట్టింపు పొడవు తీగ సంచిలో ఉండాలి.

జవాబు 2 (గాజువాక నుంచి)

బ్యాటరీ గురించి నేను చెబుతాను. 100 వాట్ల సెట్టు ప్రసార సమయంలో దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది. 20 వాట్ల సెట్టుతో పోలిస్తే అవతలివారికి దక్కే లాభం 7 డెసిబెల్స్, అంటే సెట్టులో సిగ్నల్ బలాన్ని చూపే ఎస్-మీటరుపై ఒక గీత కంటే కాస్త ఎక్కువ మాత్రమే. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని చోట అంత లాభానికి అంత ఖర్చు తగదని నా దృఢమైన అభిప్రాయం. ఆ 20 వాట్ల సెట్టు వినడానికి అర ఆంపియరు చొప్పున 20 గంటలకు 10 ఆంపియర్-అవర్లు, మొత్తం ఒక గంట ప్రసారానికి 5 వేసుకున్నా, 20 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక రోజు నిశ్చింతగా నడుస్తుంది. అంతే పని లెడ్ యాసిడ్ బ్యాటరీతో చేయాలంటే, దాన్ని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి, పది కిలోలకు మించిన బరువు మోయాలి. తుపాను వెళ్లాక కూడా మబ్బు ఉంటుంది కనుక సోలార్ పలక ఒక్కదాన్నే నమ్ముకోకుండా, కారు బ్యాటరీ నుంచి ఛార్జ్ చేసే తీగలు కూడా ఉంచుకోండి.

సెట్టును ఏరియల్‌కు కలిపే కోయాక్సియల్ కేబుల్ దగ్గర పొదుపు చేయవద్దు. 30 మీటర్ల సన్నని ఆర్.జి. 58 కేబుల్ 145 మెగాహెర్ట్జ్ వద్ద మీ శక్తిలో సగానికి పైగా తినేస్తుంది. 7 మెగాహెర్ట్జ్ వద్ద ఆ నష్టం స్వల్పం. మన ఉప్పు గాలికి కనెక్టర్లు త్వరగా చిలుమెక్కుతాయి కాబట్టి, బయట ఉండే ప్రతి అతుకుకూ నీరు చొరని టేపు చుట్టాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తీగను తుపానుకు ముందే కట్టి ఉంచవచ్చా? సందేశాలు ఎవరి తరఫున పంపాలి?

జవాబు 3 (భీమిలి నుంచి)

ముందే కడితే గాలికి నిలవదు. సెట్టు, తీగ, తాళ్లు పొడిగా భద్రపరచి, గాలి తగ్గాక రెండు సరుగుడు వాసాల మధ్య కట్టండి. విరిగి వేలాడే కొమ్మలకు, కరెంటు తీగలకు దూరంగా ఉండండి.

సాధారణ రోజుల్లో ఇతరుల తరఫున సందేశాలు చేరవేయడానికి లైసెన్సు నిబంధనలు ఒప్పుకోవు. అందుకని అధికారులతో అవగాహన ముందే కుదుర్చుకోవాలి. 2022 నుంచి పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం కాబట్టి, విశాఖ, పాడేరు రెండు కలెక్టరేట్లలోనూ మాట్లాడవలసి ఉంటుంది. ప్రతి సందేశానికీ వరుస సంఖ్య, సమయం, ఎక్కడి నుంచి, ఎవరికి అన్నవి కాగితం మీద రాసి పంపండి, అవతలివారు దాన్ని తిరిగి చదివి వినిపించేదాకా అందినట్టు లెక్కించకండి. మందుల పేర్లు, మనుషుల సంఖ్యలు వినికిడిలో తారుమారైతే ప్రాణాల మీదికి వస్తుంది. మన ప్రాంతానికి అత్యవసర సంభాషణలకు కేంద్ర ఫ్రీక్వెన్సీగా అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ సూచించిన 7.110 మెగాహెర్ట్జ్‌ను మొదట విని, ఎవరికీ అడ్డు రాకుండా పక్కన ఒక ఫ్రీక్వెన్సీ ఎంచుకోండి. అక్టోబరు రాకముందే ఒకరు అరకు వెళ్లి, ఒకరు బీచ్ రోడ్డులో ఉండి, పగలూ రాత్రీ రెండు బ్యాండ్లలోనూ మాట్లాడి చూస్తే, ఏ గంటకు ఏ బ్యాండు పనిచేస్తుందో మీ చేతిలో ఒక పట్టిక ఉంటుంది.