తుపాను రోజున సముద్రపు ఒడ్డున నడక: ఆపాలా, సాగనివ్వాలా?

కూకట్‌పల్లి వాసి:
మా నాన్నగారికి 71 ఏళ్లు. విశాఖలో ఒంటరిగా ఉంటున్నారు. రోజూ తెల్లవారుజామున రామకృష్ణా బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కురుసురా జలాంతర్గామి దాకా నడిచి వస్తారు. ఈ డిసెంబరు తుపానుకు పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరవేసిన రోజున కూడా మానలేదు. నేను ఫోన్ చేస్తే ఆయన మాటల కన్నా వెనక హోరే ఎక్కువగా వినిపించింది. ఇలాంటి రోజుల్లో బీచ్ రోడ్డును నడిచేవారికి పూర్తిగా మూసివేయాలని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

ఉప్పుగాలి:
మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నా, పుట్టి పెరిగింది ఆ ఒడ్డునే కాబట్టి చెబుతున్నాను. పోర్టు హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. మూడో నంబరు అంటే రేవులో ఈదురుగాలులు వీయవచ్చని మాత్రమే అర్థం. దానికే రోడ్డు మూసేయాలంటే నవంబరు, డిసెంబరు నెలల్లో తీరంలో జనసంచారమే ఉండదు. శీతకాలపు తుపానులు చాలావరకు తమిళనాడు వైపో, దక్షిణ కోస్తా వైపో వెళతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర. అలాంటి రోజున విశాఖలో సముద్రం బురద రంగుకు తిరిగి, నురగ గాలికి లేచి రోడ్డు మీద దూదిలా దొర్లుతుంటే, రోడ్డుకు ఇవతలి కాలిబాట మీద నిలబడి చూడటం నేరమేమీ కాదు.

ఆరింటి నడక:
మాకు ట్యాంక్‌బండే చాలు. అల లేదు, గొడవ లేదు.

దివిసీమ బిడ్డ:
పై సభ్యులు నంబరు దగ్గరే ఆగిపోయారు. ఆ నంబరు ఓడల కోసం పెట్టింది, నడిచేవారి కోసం కాదు. 1977 నవంబరు 19న మా దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు, అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. మా అమ్మమ్మ తాటిచెట్టును కరచుకుని తెల్లవార్లూ వేలాడి బతికింది. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్లూ, గాలి దక్షిణానికి తిరిగితే తలుపు గడియ వేసి దాని ముందే కూర్చునేది. సముద్రం వినోదం కాదండీ.

ఉప్పుగాలి:
ఉప్పెన వేరు, అల వేరు. దివిసీమ ఉన్న కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రపు అడుగు చాలాదూరం లోతు తక్కువగా ఉంటుంది కాబట్టి గాలి నెట్టిన నీరు ఎత్తుగా లేచి ఊళ్ల మీద పడుతుంది. విశాఖ దగ్గర ఒడ్డు దాటగానే త్వరగా లోతు పెరుగుతుంది కనుక ఉప్పెన అంత ఎత్తున రాదు. దివిసీమ విషాదాన్ని చూపించి విశాఖ రోడ్డు మూయమనడం సరికాదు.

నిజాంపేట:
ఒక్క సవరణ. ఉప్పెన తక్కువైనంత మాత్రాన అల తక్కువ కాదు. లోతు ఎక్కువగా ఉన్నచోట పెద్ద అల బలం తగ్గకుండానే ఒడ్డుకు చేరుతుంది. మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇంకాయిస్ దేశమంతటికీ అలల సూచనలు ఇస్తుంది. ఆ సూచనలో 3 మీటర్లు అని ఉంటే, అది మొత్తం అలల్లో బాగా పెద్దవైన మూడోవంతు అలల సగటు ఎత్తు అన్నమాట. అప్పుడప్పుడూ వచ్చే ఒక్క అల దానికి దాదాపు రెట్టింపు ఉండవచ్చు. పావుగంటసేపు చూసి ఇంతేలే అనుకుని ముందుకు వెళ్లినవారి మీదకు వచ్చేది ఆ ఒక్కటే.

ఉప్పుగాలి:
నేను కాలిబాట గురించి చెబుతున్నాను, ఇసుక గురించి కాదు. ఈ తేడాను ఎవరూ చదవడం లేదు. ఒకసారి ఇలాంటి వాన రోజునే రాత్రంతా రైల్లో ప్రయాణించి మా ఊరు వెళ్లాను. అక్కడ కాపలా ఉన్నవారు నన్ను గొడుగుతో సహా వెనక్కి పంపించి, కారులో వచ్చిన నలుగురిని మాత్రం గోడ దాకా పోయి ఫోటోలు దిగనిచ్చారు. మూసివేత అంటే ఆచరణలో జరిగేది ఇదే.

దివిసీమ బిడ్డ:
మీ గొడుగు కథ కోసం అందరూ ప్రమాదంలో పడాలా? ఎవరైనా నీళ్లలో పడితే దిగాల్సింది జాలరి కుర్రవాళ్లు. పదేళ్లు ఊరికి దూరంగా ఉండి తీరం గురించి పాఠాలు చెప్పకండి.

ఉప్పుగాలి:
దూరంగా ఉన్నది నేనొక్కడినేనా? కూకట్‌పల్లిలో కూర్చుని రోడ్డు మూయమంటున్నవారి సంగతేమిటి? అమ్మా, నిజం చెప్పండి, మీరు ఆపాలనుకుంటున్నది జనాన్నా, మీ నాన్నగారినా?

ఆరింటి నడక:
ఇది కొంచెం ఎక్కువైంది.

కూకట్‌పల్లి వాసి:
ఎక్కువేమీ కాదండీ, నాన్నగారినే. అమ్మ పోయాక రెండు నెలలు ఇక్కడికి తీసుకొచ్చాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ల మధ్య గుండ్రంగా తిరిగేవారు. ఎన్ని చుట్లయ్యాయో సున్నపు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకునేవారు. అది చూసి కాపలాదారు నాకు ఫిర్యాదు చేశాడు. మూడో నెల మొదలు కాకుండానే వెళ్లిపోయారు. వాళ్లిద్దరూ ముప్పై ఏళ్లు కలిసి నడిచిన దారి అది. వద్దనే హక్కు నాకు ఎంత ఉందో తెలియకనే, ఆ మాట అధికారుల చేత చెప్పిద్దామని ఇక్కడ అడిగాను.

దివిసీమ బిడ్డ:
హక్కు సంగతి ఎలా ఉన్నా, చెప్పవలసిన బాధ్యత మీదే. ఆయన కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి.

ఉప్పుగాలి:
ఇందాకటి మాటకు క్షమించండి. అయినా ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టవద్దు. రోడ్డు దాటకుండా, భవనాల వైపు కాలిబాట మీదే నడుస్తానని మాట తీసుకోండి. హుద్‌హుద్ లాంటిది వస్తే మాత్రం మొత్తం మానాల్సిందే. 2014 అక్టోబరు 12న తుపాను కన్ను ఊరి మీదుగా వెళ్లినప్పుడు గాలి ఆగితే, అయిపోయిందనుకుని జనం బయటికి వచ్చారు. అంతలోనే రెండోవైపు నుంచి మళ్లీ గాలి అందుకుంది.

కూకట్‌పల్లి వాసి:
ఈ ఉదయం మాట్లాడాను. రోడ్డు దాటనని మాట ఇచ్చారు. కళ్లద్దాల మీద ఉప్పు తెల్లగా పేరుకుపోయిందట, పంచె కొంగుతో తుడిస్తే గీతలు పడ్డాయట. సంక్రాంతికి ఇక్కడికి వచ్చి కొత్తవి చేయించుకుంటానన్నారు.

ఉప్పుగాలి:
ముందు మంచినీళ్లతో కడిగి, ఆ తర్వాతే తుడవమనండి.

దివిసీమ బిడ్డ:
అద్దాల మీద ఉప్పు పేరుకునేంత దగ్గరగా వెళ్లారన్నమాట. ఏ కాలిబాట మీద ఉన్నారో ఒకసారి అడగండి.