లియోనోర్‌ని యువరాణి అనాలా, రాకుమారి అనాలా?

ప్రశ్న: స్పెయిన్ రాజు ఫెలిపే పెద్దమ్మాయి లియోనోర్‌ని ఒకచోట యువరాణి అని, ఇంకోచోట రాకుమారి అని రాస్తున్నారు. రెండూ ఒకటేనా అండీ?

జవాబు: కాదండీ. రాజుకి పుట్టిన ప్రతి ఆడపిల్లా రాకుమారే. యువరాజ్యం అలా కాదు, అది ఒకరు అప్పగిస్తే వచ్చే పదవి. రాముడు పుట్టుకతోనే రాజకుమారుడు. యువరాజ పట్టాభిషేకం మాత్రం దశరథుడు నిర్ణయించి, సభతో చెప్పి తలపెట్టాల్సి వచ్చింది.

స్పెయిన్ వాళ్లు ఈ తేడాని గట్టిగా పాటిస్తారు. అక్కడ రాజుగారి కూతుళ్లలో వారసురాలు ఒక్కతే ‘ప్రిన్సెసా’, చెల్లెలు సోఫియా ‘ఇన్ఫాంతా’. 2014 జూన్ 19న తండ్రి గద్దెనెక్కేదాకా లియోనోర్ కూడా ఇన్ఫాంతాయే. ఆ రోజు నుంచి అస్తూరియాస్ ప్రిన్సెసా అయ్యింది. 1388లో మొదలై వారసులకి ఇస్తూ వస్తున్న బిరుదు అది. 18 నిండిన రోజున, 2023 అక్టోబరు 31న, పార్లమెంటులో రాజ్యాంగం మీద ప్రమాణం చేసింది. కాబట్టి నా లెక్కలో లియోనోర్ యువరాణి, సోఫియా రాకుమారి.

ప్రశ్న: యువరాణి అంటే యువరాజు భార్య కదా మాస్టారూ? డయానాని అలాగే అన్నాం.

జవాబు: ఆ వాడుకా ఉంది, కాదనను. రాణి అన్న మాటకీ ఇదే చిక్కు. రాజు భార్యా రాణే, రాజ్యం ఏలిన ఆవిడా రాణే. అందుకేనేమో, మన రుద్రమ శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’గా కనిపిస్తుంది. ఇప్పుడు మగపేరు అక్కర్లేదు గానీ, స్పెయిన్ రాజ్యాంగంలో 57వ అధికరణం ఇంకా మగపిల్లలకే ముందు చోటిస్తోంది. తమ్ముడు పుట్టి ఉంటే ఈ పదవి లియోనోర్‌ది అయ్యేది కాదు. అంత కష్టంగా ఒక ఆడపిల్లకి దక్కిన పదవికి సొంత మాట ఉండాలని నా పట్టుదల.

ప్రశ్న: మరి ఆమె సొంత విషయాలు రాసేటప్పుడో?

జవాబు: అప్పుడు పేరు చాలు. 2023లో సరగోసా సైనిక అకాడమీలో చేరినప్పుడు యూనిఫాం మీద ‘బోర్బోన్ ఓర్తిస్’ అని ఉండేది. తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు, అంతే. 2025లో నౌకాదళ శిక్షణ ఓడ ఎల్కానోలో వెళ్లి చిలీలో దిగినప్పుడు, మాల్‌లో తోటివాళ్లతో ఉన్న సీసీ కెమెరా దృశ్యాలు బయటికొచ్చాయి. ప్రమాణం చేసిన వార్తలో యువరాణి అనండి. మాల్‌లో తిరిగిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి లియోనోరే. ఆ దృశ్యాలైతే అసలు వేయొద్దు.