బ్యాటరీ దిగిపోయిన కారుకు జంపర్ కేబుళ్లు: నల్ల క్లిప్పు చివరగా ఎక్కడ పెట్టాలి?

కొత్తచోదకుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాది మాన్యువల్ గేరు ఉన్న పెట్రోలు కారు. కొన్ని వారాలు కదపకుండా ఉంచడం వల్ల ఇప్పుడు సెల్ఫ్ తీసుకోవడం లేదు. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు దీపాలు వెలుగుతున్నాయి కానీ, సెల్ఫ్ కొట్టగానే అవి బాగా మందగించి, బానెట్ కింద నుంచి టకటకమనే శబ్దం మాత్రమే వస్తోంది. పక్కింటివారు తమ కారుతో సాయం చేస్తామన్నారు, జంపర్ కేబుళ్లు కూడా ఉన్నాయి.

నా సందేహం కేబుళ్లు తగిలించే పద్ధతి గురించి. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే చాలునని కొందరు చెబుతున్నారు. కారుతో వచ్చిన పుస్తకంలో మాత్రం చివరి నల్ల క్లిప్పును బ్యాటరీకి కాకుండా ఇంజిన్ మీది లోహభాగానికి తగిలించమని ఉంది. బ్యాటరీ మైనస్ ఎలాగూ బాడీకే కలిసి ఉంటుంది కదా, అప్పుడు ఈ రెండింటికీ తేడా ఏమిటి? వరుస తప్పితే నిజంగా ప్రమాదమా, లేక ఇది అతిజాగ్రత్తా? ఇంజిన్ స్టార్ట్ అయిన తరువాత ఎంతసేపు నడిపితే బ్యాటరీ మళ్లీ నిండుతుందో కూడా చెప్పగలరు.

ఆంపియర్:

మీరు చెప్పిన లక్షణాలు బ్యాటరీ దిగిపోయినప్పటివే. దీపాలు ఏమాత్రం మందగించకుండా ఒక్కసారి మాత్రమే టక్కుమని ఊరుకుంటే స్టార్టర్ మోటారునో దానికి విద్యుత్తును కలిపే స్విచ్చు అయిన సోలినాయిడ్‌నో అనుమానించాలి, అప్పుడు పక్క కారు తెచ్చినా పెద్దగా ఉపయోగం ఉండదు.

ఇక అసలు ప్రశ్న. విద్యుత్తు ప్రవహించే దారి విషయంలో మీరన్నది నిజమే, రెండు చోట్లా దాదాపు ఒకటే. తేడా అంతా నిప్పురవ్వ ఎక్కడ పుడుతుందన్న దానిలో ఉంది. నాలుగు క్లిప్పులలో మొదటి మూడింటిని తగిలించేటప్పుడు వలయం పూర్తి కాదు కాబట్టి సాధారణంగా ఏమీ జరగదు, నాలుగోది తాకిన క్షణంలో నిండు బ్యాటరీ నుంచి ఖాళీ బ్యాటరీకి ఒక్కసారిగా పదుల ఆంపియర్ల విద్యుత్తు పరుగెడుతుంది, ఆ తాకిడి దగ్గర రవ్వ లేవడం సహజం. సీసం, గంధకామ్లం ఉన్న బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ విడుదల చేస్తుంది. గాలిలో ఆ వాయువు సుమారు 4 శాతం నుంచి 75 శాతం వరకు ఎంత ఉన్నా అంటుకోగలదు. సీల్ చేసినవని పిలిచే బ్యాటరీలకు కూడా వాయువు బయటికి పోవడానికి రంధ్రాలు ఉంటాయి. రవ్వ ఆ రంధ్రాల పక్కనే లేస్తే బ్యాటరీ పగిలి ఆమ్లం ముఖం మీద చిమ్మే అవకాశం ఉంది. ఇది తరచుగా జరగదు, అందుకే మైనస్‌కు మైనస్ కలిపినవారిలో చాలామంది ఏ హానీ లేకుండా బయటపడి అదే పద్ధతిని ఇతరులకు నేర్పుతుంటారు. కానీ ఒక అడుగు దూరంలో క్లిప్పు పెడితే తప్పిపోయే ప్రమాదాన్ని అదృష్టానికి వదిలేయడంలో అర్థం లేదు.

వరుసకు కూడా కారణం ఉంది. ముందు ఎర్ర కేబులు ఒక కొసను దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొసను మంచి బ్యాటరీ ప్లస్‌కు పెట్టాలి. తరువాత నల్ల కేబులును మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరగా మీ కారు ఇంజిన్ మీద రంగు వేయని, కదలని లోహభాగానికి పెట్టాలి. ఇలా కాక నల్ల కేబులుతో మొదలుపెడితే రెండు కార్ల బాడీలూ ముందే కలిసిపోతాయి, ఆ స్థితిలో చేతిలోని ఎర్ర క్లిప్పు జారి ఏ కారు లోహాన్ని తాకినా అది షార్టు సర్క్యూటే. రెండు కార్లు ఒకదానికొకటి ఆనుకోకూడదని చెప్పేది కూడా ఇందుకే. తీసేటప్పుడు సరిగ్గా తలకిందులుగా, అంటే మీ ఇంజిన్ మీది నల్ల క్లిప్పుతో మొదలుపెట్టాలి.

కేబుళ్లు తగిలించే ముందు రెండు కార్ల ఇగ్నిషన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచాలి. తగిలించిన తరువాత ఎదుటి కారును స్టార్ట్ చేసి అయిదు నుంచి పది నిమిషాలు ఆగితే మీ బ్యాటరీకి కొంత బలం వస్తుంది. ఆపై సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి కొట్టవద్దు, ప్రతి ప్రయత్నానికీ నడుమ ఒక నిమిషమైనా మోటారును చల్లారనివ్వండి.

పానా:

ఆంపియర్ గారు చెప్పిన వరుసతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఎదుటి కారు ఇంజిన్ నడుస్తూ ఉండాలా వద్దా అన్నది అన్ని కార్లకూ ఒకటి కాదు. కొన్ని తయారీ సంస్థలు నడపమంటాయి, కొన్ని మీ సెల్ఫ్ కొట్టే సమయంలో ఆపి ఉంచమంటాయి. రెండు కార్ల పుస్తకాలూ చూసి, వాటిలో ఎక్కువ జాగ్రత్త చెప్పిన దానిని పాటించడం మేలు. సాయం చేసేది హైబ్రిడ్ కారు అయితే మరీ ముఖ్యం, ఎందుకంటే వాటిలో చాలావాటిని తమ చిన్న 12 వోల్టుల బ్యాటరీతో ఇతర కార్లకు సాయం చేయడానికి వాడవద్దని చెబుతారు. 24 వోల్టులతో నడిచే లారీ లేదా బస్సు నుంచి కారుకు కేబులు తగిలించడం గురించి అసలు ఆలోచించనే వద్దు.

ఇక్కడ ఎవరూ కేబుళ్ల మందం సంగతి ఎత్తలేదు, కొన్ని ప్రయత్నాలు విఫలమయ్యేది సన్నటి కేబుళ్ల వల్లే. స్టార్టర్ మోటారు చిన్న పెట్రోలు ఇంజిన్‌ను తిప్పడానికే నూరు, నూటయాభై ఆంపియర్లు లాగుతుంది, డీజిల్ ఇంజిన్‌కు ఇంకా చాలా ఎక్కువ కావాలి. మూడు మీటర్ల రాగి కేబుళ్ల జతను తీసుకోండి, పోవడం రావడం కలిపి ఆరు మీటర్లు. తీగ మందం 16 చదరపు మిల్లీమీటర్లయితే 150 ఆంపియర్ల దగ్గర దారిలో పోయేది సుమారు ఒక వోల్టు, అదే 6 చదరపు మిల్లీమీటర్లయితే రెండున్నర వోల్టులకు పైనే. పైన లావుగా కనిపించే ప్లాస్టిక్ తొడుగును చూసి మోసపోకూడదు, లోపల సన్నటి అల్యూమినియం తీగ ఉండవచ్చు. కేబులు చేతికి వేడిగా తగిలితే వెంటనే ఆపండి.

ప్లస్, మైనస్ గుర్తులను బ్యాటరీ మీద చదివి నిర్ధారించుకోండి, కేబుళ్ల రంగును మాత్రమే నమ్మవద్దు. తారుమారైతే ఫ్యూజులు, ఇంజిన్ తిరిగేటప్పుడు విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, ఒక్కోసారి ఇంజిన్‌ను నియంత్రించే ఈసీయూ కూడా దెబ్బతింటాయి. ఆ నష్టం రెండు కార్లకూ జరగవచ్చు. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి ఉంటే దాన్ని తొలగించి బిగించి చూడండి, ఒక్కోసారి బ్యాటరీ బాగానే ఉండి ఆ పొడే అడ్డుపడుతుంది.

కొత్తచోదకుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు కారణం అర్థమైంది. బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ మీద అంతా ప్లాస్టిక్ మూతే కనిపిస్తోంది, లోహభాగం ఎక్కడ వెతకాలి? మాన్యువల్ గేరే కాబట్టి ఈ తలనొప్పి అంతా లేకుండా నలుగురం కలిసి తోసి స్టార్ట్ చేయకూడదా?

దూరప్రయాణి:

చాలా కార్లలో బాడీకి బిగించిన ఒక బోల్టునో, ప్రత్యేకంగా పొడుచుకు వచ్చిన లోహపు కొసనో ఎర్త్ కోసం కేటాయిస్తారు, పుస్తకంలో దాని బొమ్మ ఉంటుంది. అది లేకపోతే ఇంజిన్‌ను ఎత్తడానికి ఉంచిన లోహపు కొక్కెం గాని, ఇంజిన్ బ్లాకు మీది మందపాటి బోల్టు గాని పనికివస్తుంది. ఇంధన గొట్టాలకు, బెల్టులకు, ఫ్యానుకు దూరంగా ఉన్నదానిని ఎంచుకోండి. ఇంజిన్ ఆగి ఉన్నా కొన్ని కార్లలో ఆ ఫ్యాను తనంతట తానే తిరుగుతుంది కాబట్టి వేలాడే బట్టలు, కేబుళ్లు దాని దరికి రాకూడదు. ఉంగరాలు, లోహపు గడియారం ముందే తీసి పక్కన పెట్టండి.

కదలిక ఆగినప్పుడల్లా ఇంజిన్ తనంతట ఆగిపోయే స్టార్ట్-స్టాప్ కార్లలో ఈ ఎర్త్ భాగానికి మరో ప్రయోజనం కూడా ఉంది. బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద వచ్చిపోయే విద్యుత్తును లెక్కించే సెన్సరు ఉంటుంది, క్లిప్పును నేరుగా టెర్మినల్‌కు పెడితే కొంత విద్యుత్తు దాని లెక్కలోకి రాకుండా పోతుంది.

తోయడం మాన్యువల్ గేరు కారుకు సాధ్యమే, ఆటోమేటిక్‌కు కాదు. అయినా బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఇంధన పంపు, ఇంజెక్టర్లు పనిచేయడానికి కావలసిన విద్యుత్తు కూడా ఉండదు, అప్పుడు ఎంత తోసినా ఫలితం ఉండదు. మండని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని పాడుచేయవచ్చు. పైగా ఇంజిన్ నడవనంతసేపు బ్రేకులు, స్టీరింగు బిగుసుకొని ఉంటాయి. వాలు మీద ఇది చిన్న విషయం కాదు.

బ్యాటరీ పెట్టె ఉబ్బినా, పగిలినా, ఆమ్లం కారుతున్నా, లోపలి ద్రవం గడ్డకట్టినా జంప్ స్టార్ట్ ప్రయత్నమే చేయవద్దు. గడ్డకట్టడం అనేది గట్టి చలి ఉన్న చోట్లకే పరిమితం, కానీ దిగిపోయిన బ్యాటరీలో ఆమ్లం పలచబడి ఉంటుంది కాబట్టి నిండు బ్యాటరీ తట్టుకొనే చలిలో కూడా అది గడ్డకట్టగలదు. ఆమ్లం కంటిలో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారాళంగా నీళ్లతో కడిగి వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

ఆంపియర్:

మీ చివరి ప్రశ్నకు ఇంతవరకు సమాధానం రాలేదు. ఇంజిన్ అందుకున్న వెంటనే కేబుళ్లు లాగేయకండి. కొన్ని నిమిషాలు అలాగే ఉంచి, తీసే ముందు మీ కారులో బ్లోయరు, వెనుక అద్దం హీటరు ఆన్ చేయండి, కేబులు ఊడిన క్షణంలో వోల్టేజీ ఎగిసిపడితే అవి కొంత పీల్చుకుంటాయి. కేబుళ్లు తీసిన తరువాత పరీక్ష కోసమంటూ కొందరు నడుస్తున్న ఇంజిన్ నుంచి బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తుంటారు. ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులకు పెరిగి ఎలక్ట్రానిక్ భాగాలు కాలిపోగలవు కాబట్టి ఎవరు చెప్పినా ఆ పని చేయవద్దు.

నడిపే సమయం గురించి చాలామంది అరగంట చాలునని చెబుతారు, నేను దానితో ఏకీభవించను. సగటున 20 ఆంపియర్లు బ్యాటరీలోకి వెళ్లాయనుకున్నా అరగంటలో చేరేది 10 ఆంపియర్-అవర్లే (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు చేరేది ఒక ఆంపియర్-అవర్), 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో అది నాలుగో వంతు కూడా కాదు. నిలబెట్టి ఇంజిన్ నడిపితే ఇంకా తక్కువ చేరుతుంది. ఇంటికి చేరాక నాలుగైదు ఆంపియర్ల ఛార్జరుతో రాత్రంతా ఛార్జి చేయడమే సరైన మార్గం. ఖాళీగా ఉంచిన కొద్దీ లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ శాశ్వతంగా బలహీనపడుతుంది.

ఛార్జి అయ్యాక కొన్ని గంటలు ఆగి మల్టీమీటరు పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండినట్లు, 12.4 అయితే ముప్పాతిక వంతు, 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య చూపితే ఆల్టర్నేటర్ పని చేస్తున్నట్లే, అయితే కొన్ని కొత్త కార్లు ఇంధనం ఆదా కోసం దాన్ని కొంతసేపు తగ్గిస్తాయి. కారు ఆగి ఉన్నప్పుడు గడియారం, అలారం వంటివి 50 మిల్లీ ఆంపియర్లు తీసుకున్నా రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు, నెలకు 36 అవుతాయి. అంటే మీ కారు కొన్ని వారాలు నిలిచి దిగిపోవడానికి ఏ లోపమూ అవసరం లేదు. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ రెండు మూడు రోజులకే మళ్లీ దిగిపోతే మాత్రం ఏదో అదనంగా లాగుతున్నట్లో, లేక బ్యాటరీ ఆయువు తీరినట్లో భావించి మెకానిక్‌కు చూపించండి.