శ్రమల దినాల్లో ఉపవాసం తప్పితే దేవుడి దగ్గర నీతి తగ్గుతుందా?

లంకమ్మాయి
అందరికీ వందనాలు. మా పిన్ని దాళ్వా కలుపు తీతకి వెళ్తుంది. పొద్దున్నే మడిలో దిగితే మధ్యాహ్నం దాకా వంగిన నడుము ఎత్తేది లేదు. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల దినాలు నలభై రోజులూ పొద్దుగూకేదాకా ఏమీ ముట్టదు. వంటింటి గోడకి సంఘం వాళ్ళిచ్చిన క్యాలెండర్ ఉంటుంది. ఉపవాసం నిలబెట్టిన రోజు గడిలో బాల్ పెన్నుతో చిన్న సిలువ గీస్తుంది. ఈమధ్య ఒకరోజు గట్టు మీద కళ్ళు తిరిగి కూలబడితే పక్కామె క్యారేజీ విప్పి బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించింది. ఆ రోజు గడిలో సిలువ లేదు. సున్నా చుట్టింది.

అదే వారం మా తమ్ముడికి జ్వరం. ఆదివారం సాక్ష్యాలప్పుడు ఒక పెద్దావిడ మైకు తీసుకుని, "దేవునికి ఇచ్చిన మాట మధ్యలో వదిలేస్తే ఇంటి మీదికే వస్తుంది" అంది. ఎవరి గురించో అందరికీ తెలుసు. పాస్టర్ గారు తల దించుకుని కూర్చున్నారు గానీ కాదనలేదు. పిన్ని అప్పట్నుంచీ సరిగ్గా తినడం లేదు, ఉపవాసం కాని పూట కూడా.

మన సంఘాలన్నిటిలోనూ బైబిల్లో పౌలు రాసిన రోమా 3:28 చదువుతారు కదా, ధర్మశాస్త్ర క్రియలు, అంటే నియమం ప్రకారం చేసే పనులు, లేకుండా విశ్వాసం వల్లనే నీతిమంతులుగా తీర్చబడుతున్నామని. మరి ఆ సున్నా ఎవరి లెక్కలోది?

అమలాపురం అగ్ని
సిస్టర్, మీ పిన్నిగారి గురించి బాధగానే ఉంది. కానీ ఒకావిడ నోటి దురుసుకి ఉపవాసాన్నే బోనులో నిలబెట్టకండి. యేసు ప్రభువే అరణ్యంలో నలభై దినాలు ఉపవాసం ఉన్నారు. అంతియొకయ సంఘం పౌలునీ బర్నబానీ పంపే ముందు ఉపవాసముండి ప్రార్థించిందని అపొస్తలుల కార్యములు 13లో ఉంది. మా నాన్న పదిహేనేళ్ళు తాగాడండి. మా అమ్మ శుక్రవారం శుక్రవారం కడుపు మాడ్చుకుని మోకాళ్ళ మీద ఉంటే మానాడు. ఇప్పుడాయన సంఘ పెద్ద. "విశ్వాసం చాలు, క్రియలు అక్కర్లేదు" అనే వాళ్ళని చూశాను, ఆదివారం తొమ్మిదింటికి కూడా నిద్ర లేవరు.

రాజమండ్రి లూథరన్
అగ్ని గారూ, ఉపవాసం మంచిదా చెడ్డదా అని ఆ అమ్మాయి అడగలేదు. నీతి దేని మీద నిలబడుతుంది అని అడిగింది. ఈ రెండూ కలిపేస్తే చర్చ ఎటూ పోదు.

మా వాళ్ళకి ఇది పుట్టిల్లు లాంటి సంగతి కాబట్టి కొంచెం చెప్పనివ్వండి. మా ప్రొటెస్టెంట్ సంస్కరణకి ఆద్యుడు మార్టిన్ లూథర్ 1505లో జర్మనీలోని ఎర్‌ఫర్ట్‌లో అగస్టీనియన్ మఠంలో చేరాడు. ఉపవాసాలు, రాత్రి జాగరణలు, గంటల తరబడి పాపపు ఒప్పుకోలు. చేసిన కొద్దీ ఆయనకి పట్టుకున్న భయం ఒకటే: ఇంకేమైనా మిగిలిపోయిందా అని. పశ్చాత్తాపం నిజంగా కలిగిందా, లేక భయపడి తెచ్చుకున్నానా అని దాన్ని కూడా అనుమానించాడు. రోమా 1:17 ఆయనకి తెరుచుకున్నది అక్కడ. దేవుని నీతి అంటే మనల్ని కొలిచి శిక్షించే నీతి అనుకుంటూ వచ్చాడు. ఆ నీతిని దేవుడే క్రీస్తులో మనకి ఇస్తాడని, నమ్మి పుచ్చుకోవడమే మన వంతని తెలిసింది. 1517 నాటి 95 వాదాలు అందరికీ తెలుసు గానీ, వాటి వెనకాల ఉన్నది మీ పిన్ని పడుతున్న టెన్షనే తల్లీ.

ఇక లేఖనం. అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. ఇది ఆదికాండం 15లో ఉంది. సున్నతి వచ్చింది 17లో. పౌలు రోమా 4లో పట్టుకున్నది ఈ వరసనే. ఏ ఆచారమూ చేయక ముందే, చేయమని చెప్పక ముందే, ఆ మనిషి నీతిమంతుడిగా లెక్కలోకి వచ్చేశాడు. లూకా 18లో పరిసయ్యుడు, అంటే ఆచారాలు గట్టిగా పాటించే యూదుడు, వారానికి రెండుసార్లు ఉపవాసం, రాబడి అంతటిలో పదో వంతు అని చెప్పుకున్నాడు. అబద్ధం చెప్పలేదండీ, నిజంగానే చేశాడు. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళింది రొమ్ము కొట్టుకున్న సుంకరి, అందరూ పాపి అనుకునే పన్ను వసూలు చేసేవాడు.

కొవ్వూరు కథోలిక్
ఆయ్, ఇప్పుడు మా వంతు అన్నమాట. లూథర్ కథ ఎక్కడ మొదలైనా చివరికి "కథోలికులు క్రియలతో మోక్షం కొంటారు" దగ్గరే తేలుతుంది. 1547లో మా కథోలిక సభ ట్రెంట్ మహాసభ నీతీకరణ మీద, అంటే దేవుడు మనిషిని నీతిమంతుడిగా తీర్చడం మీద, ఇచ్చిన తీర్మానం ఎవరైనా చదివారా? నీతీకరణకి ముందు మనం చేసేదేదీ, విశ్వాసమైనా క్రియలైనా, ఆ కృపని సంపాదించదని అందులోనే ఉంది. తేడా ఆ తర్వాత వస్తుంది. దేవుడు మనిషిని నీతిమంతుడని ప్రకటించి వదిలేయడు, లోపల నిజంగా మారుస్తాడు, ఆ మారిన మనిషి కృపతో చేసే పనుల్లో నీతి పెరుగుతుంది అంటాం మేము. యాకోబు 2:24 బైబిల్లో లేదా? మనిషి విశ్వాసం మాత్రాన కాక క్రియల వల్ల నీతిమంతుడని ఎంచబడతాడని స్పష్టంగా ఉంది. లూథర్ గారికి అది మింగుడు పడకే 1522లో తన కొత్త నిబంధన అనువాదం ముందుమాటలో యాకోబు రాసిన ఆ పత్రికను (లేఖను) గడ్డి పత్రిక అన్నాడు.

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో మా సభా, మీ లూథరన్ ప్రపంచ సమాఖ్యా కలిసి సంతకం పెట్టిన ఉమ్మడి ప్రకటన కూడా ఉంది. మన యోగ్యత వల్ల కాదు, కృప చేతనే, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంలో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. తర్వాత మెథడిస్టులూ చేరారు. రాజమండ్రి దాకా ఆ కాగితం రాలేదేమో.

ఇంకో మాట. మా చట్టంలో ఉపవాసం తప్పనిసరి అయిన రోజులు ఏడాదికి రెండే, విభూది బుధవారం, శుభ శుక్రవారం. ఆ రోజు కూడా ఒక పూట కడుపునిండా తినొచ్చు. 18 నిండిన వాళ్ళ దగ్గర్నుంచి 59 నిండేదాకానే ఆ నియమం. ఒళ్ళు బాగోలేని వాళ్ళకీ, బరువు పని చేసేవాళ్ళకీ మినహాయింపు. గౌరీపట్నం నిర్మలగిరి మరియమాత క్షేత్రానికి మావాళ్ళు నడిచి వెళ్తే "క్రియలు" అని నవ్వుతారు కదా మీరు. మడిలో నిలబడి పని చేసే ఆడమనిషికి నలభై రోజుల లెక్క పెట్టి, తప్పితే జ్వరం వస్తుందన్నది "విశ్వాసం మాత్రమే" అనే సంఘమే కదా?

రాజమండ్రి లూథరన్
చివరి పేరాకి నా దగ్గర జవాబు లేదు, నిజమే. 1999 కాగితం చదివాను. నీతిమంతుడైన మనిషిలో ఇంకా పాపం ఉంటుందా అన్నచోట రెండు పక్షాలూ తమ మాటలు తాము వేరుగా రాసుకున్నారని కూడా చదివాను. మాకు విశ్వాసి చచ్చేదాకా ఒకేసారి నీతిమంతుడూ, పాపీ. అందుకే మా భరోసా మాలోని మార్పు మీద పెట్టుకోం. మార్పు ఒకరోజు కనిపిస్తుంది, ఒకరోజు కనిపించదు.

సఖినేటిపల్లి
నేను క్రైస్తవుణ్ణి కాదండి, అంతర్వేది నరసింహస్వామి వారి పక్క ఊరు. ఇదంతా చదువుతుంటే మా శ్రీవైష్ణవుల పాత గొడవ గుర్తొచ్చింది. రామానుజుల తర్వాత శరణాగతి మీద వడకలై, తెంకలై అని రెండు పాయలయ్యారు. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి, జీవుడి ప్రయత్నం కొంతైనా ఉండాలి అని ఒకరు. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది అని ఇంకొకరు. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అంటారు. మీ లూథర్ గారు పిల్లి పార్టీ అనిపిస్తోంది. తప్పయితే క్షమించండి.

రాజమండ్రి లూథరన్
క్షమాపణ ఎందుకండీ, మా సెమినరీ వాళ్ళకంటే సులువుగా చెప్పారు. ఒక్క చోట తేడా. మాకు దేవుడు ఎత్తుకోవడం ఒక్కటే సరిపోదు, పాపానికి తీర్పు అనేది ఒకటుంది, అది సిలువ మీద క్రీస్తు మీద పడింది. విశ్వాసం అంటే ఆ జరిగినదాని మీద ఆనుకోవడం. మిగతాది మీరన్నట్టే.

పాలకొల్లు బ్రదర్
అందరూ రోమా పత్రిక దగ్గరే కూర్చున్నారు. గలతీ 2 తెరవండి. "విశ్వాసము వలననే నీతి" అని పౌలు గట్టిగా వాదించిన చోటు పరీక్ష హాలు కాదు, భోజనం బల్ల. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటున్నాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి కొందరు వచ్చేసరికి సున్నతి తప్పనిసరి అనే యూదు వాళ్ళకి భయపడి విస్తరి వేరు చేసుకున్నాడు. బర్నబా కూడా వాళ్ళతో పోయాడు. పౌలు అందరి ఎదుటే నిలదీశాడు. నీతీకరణ గురించిన 16వ వచనం ఆ గొడవ వెనకాలే వస్తుంది. దేవుడు ఒక మనిషిని విశ్వాసాన్ని బట్టి చేర్చుకున్నాక, ఆ మనిషి పక్కన కూర్చోవడానికి నువ్వు ఇంకో అర్హత అడగడానికి వీల్లేదు. పౌలు వాదన నాకు అర్థమైనంతలో ఇదీ.

1836లో మిషనరీ గ్రోవ్స్ దొర వెంట వచ్చిన బౌడెన్, బీర్ నరసాపురంలో, మా పాలకొల్లులో పని చేశారు. వాళ్ళ వెనకాల నెలజీతం ఇచ్చే సొసైటీ లేదు. వాళ్ళ మాట విని కూడిన వాళ్ళలో ఎక్కువమంది గుడి గడప తొక్కనివ్వని వాళ్ళు, చూపించుకోవడానికి మడీ పుణ్యమూ ఏమీ లేని వాళ్ళు. "నీ క్రియలు అడగడం లేదు" అన్న మాట వాళ్ళ చెవిలో ఎలా పడి ఉంటుందో ఆలోచించండి. ఇప్పుడు అదే డెల్టాలో ఒకే వీధిలో మాలల చర్చి ఒకటి, మాదిగల చర్చి ఒకటి. బల్ల ఒకటే అని పాడతాం, పెళ్ళి సంబంధం దగ్గర తేలిపోతుంది.

యాకోబు, పౌలు కొట్టుకోలేదు కథోలిక్ గారూ. పౌలు చూపించింది ఆదికాండం 15, యాకోబు చూపించింది 22, ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజు. బట్టల్లేని, తిండిలేని సహోదరుడితో "వెళ్ళి చలి కాచుకో" అని ఊరికే పంపే విశ్వాసం చచ్చిన విశ్వాసం అన్నాడు యాకోబు. ఆయన అడిగిన క్రియ ఏమిటో చూడండి, అవతలివాడికి అన్నం. ఆ లెక్కన ఈ మొత్తం కథలో యాకోబు పత్రిక ప్రకారం నడిచింది గట్టు మీద క్యారేజీ విప్పిన ఆవిడ ఒక్కతే. ఆవిడ ఏ మతమో కూడా మనకి తెలీదు.

లంకమ్మాయి
హిందువులండి. దుర్గమ్మ మాల వేసుకుంటుంది ప్రతి ఏడూ.

అమలాపురం అగ్ని
బ్రదర్ గారూ, ఉపవాసం గురించి మాట్లాడుతుంటే కులం ఎందుకు తెచ్చారు? మీ బ్రదరన్ వాళ్ళలో లేదా? బాప్తిస్మం మళ్ళీ తీసుకుంటే గానీ మా వాళ్ళకి మీ ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) రొట్టె ఇవ్వరు. అది క్రియ కాదా మరి?

పాలకొల్లు బ్రదర్
మాలోనూ ఉంది. అందుకే చెప్పాను. బాప్తిస్మం సంగతి...

మోడరేటర్
బాప్తిస్మం మీద ఇప్పటికే మూడు చర్చలు నడుస్తున్నాయి, అక్కడికి పొండి. ఇక్కడ ఉపవాసం, నీతి. సంఘాల పేర్లు పెట్టి తిట్టుకున్న రెండు పోస్టులు తీసేశాను.

లంకమ్మాయి
అందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు వందనాలు. లూకా 18 పిన్నికి చదివి వినిపించాను. విని, "అయితే ఉపవాసం మానేయమంటావా, నాకు ఆయన్ని తల్చుకోడానికి రోజులో అదొక్కటే వీలు" అంది. దానికి నేను ఏమీ అనలేకపోయాను, అనాలని కూడా లేదు. ఆవిడ ఉపవాసంలో ప్రేమ ఉంది, అది నేను కళ్ళారా చూస్తున్నాను. నాకు అభ్యంతరం సిలువలతో కాదు, ఆ సున్నాతో. సిలువ గీసిన రోజు దేవుడు దగ్గరున్నాడనీ, సున్నా రోజు జ్వరం పంపాడనీ నమ్మితే, ఆవిడ ఆనుకున్నది క్రీస్తు మీద కాదు, తన ఆకలి మీద. లూథరన్ అంకుల్ చెప్పినదాంట్లో నాకు పట్టుకున్నది ఇదే. కథోలిక్ అన్నయ్య చెప్పిన మినహాయింపు కూడా చెప్పాను. "వాళ్ళ ఫాదర్లు నయమే" అని నవ్వింది, చాలా రోజులకి.

ఎఫెసీ 2:8 చదివేవాళ్ళు 10 కూడా చదవాలని నాకు తెలుసు అగ్ని బ్రదర్. సత్క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడు. కానీ వరస అదే కదా, ముందు 8, ఆ తర్వాత 10.

మిమ్మల్నే ఒకటి అడుగుతాను. ఆ పెద్దావిడ మాట మైకులో వచ్చింది. తప్పని తెలిసిన వాళ్ళందరూ నాకు విడిగా ఫోన్ చేసి చెప్పారు. ఫోన్లో చెప్తే పిన్నికి ఏం లాభం? మీ సంఘంలో ఎవరైనా అలా అంటే మీరు మైకులో కాదంటారా?

అమలాపురం అగ్ని
ఆదివారం వర్తమానం (ప్రసంగం) నాన్న చేతిలో ఉంటుంది సిస్టర్, నా చేతిలో కాదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన మాత్రం నేనే నడిపిస్తాను. జ్వరాలు ఉపవాసం తప్పినందుకు రావని చెప్తాను. కూలి పనికి వెళ్ళేవాళ్ళు తిని రండి అని కూడా చెప్తాను. ఉపవాసం మానమని మాత్రం చెప్పను.

కొవ్వూరు కథోలిక్
మానమని ఇక్కడ ఎవరన్నారు బాబూ?