రెండేళ్ల పాపతో ఒక్కదాన్నే బయటికి: మీరెలా నెట్టుకొస్తున్నారు?

మియాపూర్ అమ్మ:
మా పాపకి రెండేళ్ల రెండు నెలలు. నాలుగో అంతస్తు ఫ్లాటు, మా ఆయనవి షిఫ్టు డ్యూటీలు. నాకు వారంలో ఒక్క సోమవారమే సెలవు. మొన్న ధైర్యం చేసి జూ పార్కుకి బయల్దేరాను. పెరుగన్నం డబ్బా, రెండు జతల బట్టలు, నీళ్లు, డైపర్లు సర్దేసరికి పదకొండయింది. క్యాబ్ ఎక్కిన పది నిమిషాలకే పాప నిద్రపోయింది. తీరా బహదూర్‌పురాలో దిగితే గేటుకి తాళం. సోమవారం జూకి సెలవట! ముందే చూసుకోకపోవడం నా తప్పే. గోడ పక్కన రెండు మేకలు ఆకులు నములుతుంటే వాటినే "మే... మే" అంటూ అరగంట చూసింది. నాకేమో ఏడుపొక్కటే తక్కువ. ఇంటికొచ్చాక మా అత్తయ్య "అంత చంటిపిల్లకి జూ ఎందుకమ్మా" అన్నారు. ఇంట్లో ఉంటే ఫోను తప్ప ఇంకోటి అడగట్లేదు. మీరంతా పిల్లల్ని ఎక్కడికి తిప్పుతున్నారు?

బుడ్డోడి నాన్న, ఎల్‌బీనగర్:
తాళం వేసి ఉండటమే మంచిదయిందేమోనండీ. ఆ జూ 380 ఎకరాలు. మేం ఆదివారం వెళ్లాం. మావాడు ఏనుగు దాకా నడిచి, అక్కణ్నుంచి నా మెడ దిగలేదు. బ్యాటరీ బండి ఎక్కితే మళ్లీ ఆ బండి దిగనని గోల. పులిని చూశావా అని అడిగితే ఐస్‌క్రీమ్ అంటాడు.
మీకు మెట్రో గుమ్మంలోనే ఉంది కదా. మియాపూర్ నుంచి మా ఎల్‌బీనగర్ దాకా 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. మూడడుగుల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. ఏసీ ఉంటుంది, పైనుంచి ఊరంతా కనబడుతుంది. తలుపులు తెరుచుకున్న ప్రతిసారీ మావాడు చప్పట్లు కొడతాడు. మధ్యాహ్నం పూట వెళ్లండి, ఆఫీసుల టైములో వద్దు. ఎస్కలేటర్ మీద మాత్రం ఎత్తుకోవాల్సిందే. రబ్బరు చెప్పులు అంచుల్లో ఇరుక్కుంటాయి.

హనుమకొండ తాతయ్య:
అమ్మా, నా మనవడికి రెండున్నర. అమ్మానాన్నలు ఇద్దరూ ఉద్యోగాలకి పోతే వాడు మా దగ్గరే ఉంటాడు. పొద్దున ఏడింటికి పాలు తాగించి కాజీపేట స్టేషన్‌కి తీసుకుపోతా. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్, రెండు గంటలు చెల్లుతుంది. అది పెద్ద జంక్షన్, ఏదో ఒక బండి వస్తూనే ఉంటది. ఎక్స్‌ప్రెస్ కంటే వాడికి గూడ్సే ఇష్టం. డబ్బాలు లెక్కపెడతాడు: ఒకటి, రెండు, ఐదు, ఐదు, ఐదు. నేను బెంచీ మీద కూర్చుంటా, వాడి చెయ్యి మాత్రం వదలను. పసుపు గీత దాటి ముందుకు పోనివ్వను. వాళ్ల నాయనమ్మ వస్తే బస్సులో పోతాం. మహాలక్ష్మి కింద ఆమెకి జీరో టికెట్, పైసలు పెట్టేది నేనొక్కణ్నే. ఆ మాట ఆమె రోజూ గుర్తుచేస్తది.

మియాపూర్ అమ్మ:
అంకుల్, "ఐదు, ఐదు, ఐదు" చదివి పడీ పడీ నవ్వాను. మావాళ్లకి స్టేషన్ అంటే ఊరు వెళ్లేటప్పుడే. అట్లా ఊరికే వెళ్లొచ్చని తట్టనే లేదు.

గాజువాక నుంచి:
విశాఖ వచ్చేవాళ్లకి ఒక మాట. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది కదా, రెండేళ్ల పిల్లలతో లోపలికి వద్దు. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, చంకలో పిల్ల ఉంటే మన తలో దాని తలో తగులుతుంది. వెనక జనం ఉంటారు, తిరిగి రావడానికి ఉండదు. మా అమ్మాయి సగంలో మొదలుపెట్టిన ఏడుపు చివరిదాకా ఆపలేదు. దానికంటే పొద్దున్నే ఆరింటికి ఇసకలో వదిలేయండి, అలలకి దూరంగా. ఒక గరిటె, ఒక ఖాళీ డబ్బా చాలు.
అరకు రైలు మాత్రం బ్రహ్మాండం. ఐదేళ్ల లోపు వాళ్లకి టికెట్ లేదు, సీటు కూడా రాదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని నాలుగు గంటలంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కానీ 50కి పైగా సొరంగాలు! ఒక్కో సొరంగంలో పెట్టె పెట్టెంతా అరుస్తుంది. మా అమ్మాయి ప్రతి చీకట్లో ఒక ముద్ద తింది. ఇంట్లో అన్నం తినిపించాలంటే గంట పడుతుంది.

సిరి వాళ్లమ్మ, అనంతపురం:
తిండి సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. పెరుగన్నం ఎండలో పులుస్తుంది, ఎండాకాలం వద్దు. మేం బొరుగులు పట్టుకుపోతాం. మీ వైపు మరమరాలంటారు. కిందపడినా తుడుచుకోవచ్చు, ఒక్కోటి ఏరుకుని తింటుంటే అరగంట కదలదు. అరటిపండు, ఇడ్లీ కూడా ఫరవాలేదు. వేరుశనగలు, పుట్నాలు మాత్రం ఈ వయసులో ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి.
ఇంకోటి, బయల్దేరేది మన తీరికను బట్టి కాదు, వాళ్ల నిద్రను బట్టి. మా పాప పన్నెండున్నరకి పడుకుంటుంది. తొమ్మిదికి వెళ్లి పదకొండున్నరకి ఇంట్లో ఉంటాం. పెళ్లిళ్లకైనా అంతే. చుట్టాలు ఏమన్నా అనుకోనీ.

స్కూటర్ నాన్న:
ఇంత ప్లానింగు ఎందుకండీ? నేను మావాణ్ని స్కూటర్ ముందు నిలబెట్టి సాయంత్రం కాలనీ అంతా ఒక రౌండు వేస్తా. గాలికి హాయిగా ఉంటాడు.

బుడ్డోడి నాన్న, ఎల్‌బీనగర్:
అన్నా, ఏమనుకోవద్దు. నేనూ అట్లనే తిప్పేవాణ్ని. మా కాలనీలోనే కుక్క అడ్డమొచ్చి బ్రేకు కొడితే హ్యాండిల్‌కి గడ్డం తగిలి పెదవి చిట్లింది. స్పీడు ఇరవై కూడా లేదు. నాలుగేళ్ల లోపు పిల్లలకి బండి మీద హెల్మెట్, నడిపేవాళ్లకి కట్టే బెల్టు ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటొద్దని 2022లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. ఆ బెల్టు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

స్కూటర్ నాన్న:
మన రోడ్ల మీద ఎవరు పెడుతున్నారన్నా? సరే, బెల్టు చూస్తా. హెల్మెట్ మాత్రం వాడు రెండు నిమిషాలు ఉంచుకోడు.

సిరి వాళ్లమ్మ, అనంతపురం:
ఇంట్లో ఆటబొమ్మలా ఇచ్చి చూడండి. మా తమ్ముడి కొడుకు హెల్మెట్‌తోనే అన్నం తింటాడిప్పుడు.

డల్లాస్ నుంచి:
ఇక్కడ మాకు కారు లేనిదే గడప దాటలేం. కార్ సీట్లో బెల్టు పెట్టడానికే పది నిమిషాల కుస్తీ. లైబ్రరీలో చిన్నపిల్లలకి కథలు చెప్పే గంట ఒకటి ఉంటుంది, డబ్బులుండవు, అదే మా వారానికి పండగ. కిందటి సెలవుల్లో గుంటూరు వస్తే మావాడు మా అమ్మ వెనకాల రైతుబజారుకి రోజూ వెళ్లాడు. చేతిలో ఒక బెండకాయ పెడితే ఇంటిదాకా పట్టుకొచ్చేవాడు. మేం తీసుకెళ్లిన పార్కులేవీ వాడికి గుర్తులేవు.

మియాపూర్ అమ్మ:
నిన్న సోమవారం మెట్రో ఎక్కాం. నిద్ర లెక్క చూసుకుని పదింపావుకి బయల్దేరాను. డైపర్లు రెండు, బొరుగులు, నీళ్లు, ఒక జత బట్టలు, అంతే సంచి. ఎల్‌బీనగర్ దాకా అనుకున్నాను కానీ మూసాపేటలోనే దిగుతానని పేచీ. దిగాం. ప్లాట్‌ఫాం మీద బెంచీ ఎక్కించి వచ్చే రైలుకీ పోయే రైలుకీ టాటా చెప్పించాను. ఆరో ఏడో రైళ్లు. ఫోను అడగలేదు. పన్నెండుకల్లా ఇంటికొచ్చేశాం, అత్తయ్య ఉప్పు తిప్పి దిష్టి తీశారు. "ఎక్కడికెళ్లావే" అని ఆవిడ అడిగితే మా పాప "మేక" అంది. మేక ఎక్కడ కనబడిందో నాకైతే తెలీదు.

హనుమకొండ తాతయ్య:
మూసాపేటలో గూడ్సు కనపడదు కదమ్మా. ఈసారి లింగంపల్లి స్టేషన్‌కి తీసుకుపోండి, మీకు దగ్గరే.