ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్‌లో ఎంఏ: ఎవరైనా చేశారా?

హన్మకొండ_అమ్మాయి:
బీఏ అయిపోయింది. అమెరికాలో ఇంటర్నేషనల్, ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్‌లో, అంటే వేర్వేరు దేశాల, సంస్కృతుల వాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో చదివే సబ్జెక్టులో, ఎంఏ చేయాలని ఉంది. వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీ లాంటివి చూస్తున్నా. నయీంనగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే "అదేం కోర్సమ్మా, డేటా సైన్స్ తీసుకో" అన్నారు. ఇంట్లో నాన్నదీ అదే పాట. చదివినవాళ్ళు ఉంటే చెప్పండి.

కాజీపేట_జంక్షన్:
వాళ్ళ మాటలో కొంత నిజం ఉందమ్మా. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారం మీద, కోర్సు ఏ రకమో చెప్పే సీఐపీ కోడ్ అని ఒకటి ఉంటుంది. ఈ సబ్జెక్టుకు ఉన్న కోడ్ 09.0907, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో లేదు. చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే, స్టెమ్ వాళ్ళకు దొరికే 24 నెలల పొడిగింపు రాదు. 09.0702 ఉంది చూడు, డిజిటల్ కమ్యూనికేషన్ అండ్ మీడియా, అది స్టెమ్. పేర్లు అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, వీసా లెక్క మాత్రం వేరు. లోన్ తీసుకునే ముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి కోడ్ అడుగు.

హన్మకొండ_అమ్మాయి:
ఈ ముక్క ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదన్నా!

ములుగు_సార్:
ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అయితే రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ చూడు. 20 లక్షల దాకా ఇస్తారు. కుటుంబ ఆదాయం 5 లక్షలు దాటకూడదు. సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్‌కు కూడా వర్తిస్తుంది, ఇంజనీరింగ్‌కే అనుకుని చాలామంది అప్లయ్ చేయరు. కాకపోతే డబ్బు అక్కడ దిగాకే వస్తుంది. టికెట్, మొదటి ఖర్చులు ముందు మనమే పెట్టుకోవాలి.

పరకాల_టు_వర్జీనియా:
నేను ఇలాంటి కోర్సే చేశాను. మొదట్లోనే హాఫ్‌స్టెడ్ అనే పరిశోధకుడు వస్తాడు. ఐబీఎం ఉద్యోగుల సర్వేతో దేశాలకు మార్కులు వేశాడు. పవర్ డిస్టెన్స్‌లో, అంటే పెద్దా చిన్నా తేడాను జనం ఎంత మామూలుగా తీసుకుంటారన్న దాంట్లో, ఇండియాకు 77, అమెరికాకు 40. క్లాసులో అందరూ నా వైపు చూశారు, ఇండియా మొత్తానికి నేనే ప్రతినిధినన్నట్టు! ఏటూరునాగారం కోయగూడెంలో పెద్దమనుషుల పంచాయితీకీ, హైదరాబాద్ ఐటీ ఆఫీసుకూ ఒకే 77 ఎలా సరిపోతుందని అడిగాను. ప్రొఫెసర్ ఆ ప్రశ్న మీదే పేపర్ రాయమన్నారు. అక్కడ మార్కులు మాట్లాడేవాళ్ళకే. మన కాలేజీల్లోలాగా నోట్స్ రాసుకుంటూ కూర్చుంటే గ్రేడ్ పోతుంది.

జగిత్యాల_తమ్ముడు:
అక్కా, ఈ సబ్జెక్టుకు అమెరికానే పోవాలా? మా బావ దుబాయ్‌లో కన్‌స్ట్రక్షన్ సైట్ ఫోర్‌మన్. మలయాళీలు, నేపాలీలు, బంగ్లాదేశ్ వాళ్ళు, మనోళ్ళు అందరూ ఒకే క్యాంపు. ఇంజనీర్ "అర్థమైందా?" అంటే మనోళ్ళు అర్థం కాకపోయినా "ఎస్ సార్" అంటారట. అందుకని బావ అలా అడగడం మానేసి, "ఇప్పుడు ఏం చేస్తావో చెప్పు" అంటాడు. ఇది మీ సిలబస్‌లో ఉంటదా?

పరకాల_టు_వర్జీనియా:
ఉంటుంది తమ్ముడూ, పాఠంగానే ఉంటుంది. మీ బావ జీతం తీసుకుని నేర్చుకున్నాడు, నేను ఫీజు కట్టి నేర్చుకున్నా. ఉద్యోగం సంగతి కూడా చెప్తా. ఈ డిగ్రీ ఒక్కదాన్ని చూసి ఎవరూ పిలవరు. ఇంకో భాషో, హెల్త్ రంగమో, శరణార్థులతో పనో పక్కన ఉండాలి. నాకు పనికొచ్చింది హాస్పిటల్ ఇంటర్న్‌షిప్.

కాజీపేట_జంక్షన్:
ఖర్చు భయమైతే హైదరాబాద్‌లోనే ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఉన్నాయి. ఇఫ్లూలో ఫ్రెంచో, జర్మనో పట్టుకుంటే తర్వాత యూరప్ కూడా చూసుకోవచ్చు. నేనైతే అటే మొగ్గుతా.

హన్మకొండ_అమ్మాయి:
నాన్నకు ఈ థ్రెడ్ చూపించా. "ఆ జగిత్యాల పిల్లగాడు కరెక్టే చెప్పిండు" అన్నారు, అంతే. ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్తూ అప్లికేషన్‌తో పెట్టే వ్యాసం) రాస్తున్నా, ఎవరైనా చూస్తారా?

పరకాల_టు_వర్జీనియా:
పంపు. మేడారం జాతరతో మాత్రం మొదలుపెట్టకు, మన జిల్లా నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి ఎస్‌ఓపీ అక్కడి నుంచే మొదలవుతోంది.